మన రాక కథను మన పిల్లలే వ్రాయవలెను

"మీ పిల్లలకు తెలుగు వచ్చునా?" అని మన కుటుంబములలో ఎవరిని అడిగినను తరచుగ వినవచ్చు సమాధానము ఒక్కటే: "మాటాడుదురు గాని చదువ వ్రాయ రాదు." కొన్ని యిండ్లలో ఈ సమాధానము మరియొక మెట్టు దిగినది: "మేము మాటాడిన తెలిసికొందురు గాని, బదులు మాత్రము ఊరి భాషలోనే చెప్పుదురు." ఈ స్థితికి విచారించి మనము సభలు జరిపితిమి, తీర్మానములు చేసితిమి, అర్జీలు పంపితిమి. అవి వలసినవే. కాని తీర్మానము వలన పిల్లవాని చేతికి కలము రాదు. పిల్లవాడు వ్రాయవలెనన్న వానికి వ్రాయదగిన సంగతి యొకటి కావలెను. ఆ సంగతి వానిది కావలెను; మరియొకరు వ్రాసి పెట్టనిది కావలెను. అట్టి సంగతి మన ప్రతి యింటను ఒకటి కలదు. మన పూర్వులు ఈ నేలకు ఎప్పుడు, ఎచ్చటినుండి, ఏల వచ్చిరను కథయే అది.

ఆ కథను అవ్వను తాతను అడిగి వ్రాసికొనుట, వ్రాసికొన్నదానిలో నిజమెంతయో విచారించుట, విచారించినదానిని మరల శుభ్రముగ వ్రాయుట - ఈ మూడు పనులే మన పిల్లలకు తెలుగు వ్రాతయందును, పరిశోధనయందును తొలి పాఠములు కావలెనని మా అభిప్రాయము.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. 1956లో చేసిన ఏడవ సవరణ వలన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పు సౌకర్యములను కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని అందు కలదు. ఆ హక్కును మనము విడువరాదు. కాని బడి తలుపు ఎంతవరకు తెరచి యుండునన్నది మన చేతిలో లేదు. తమిళనాడున 2006లో చేసిన చట్టము ప్రకారము తమిళము మొదటి తరగతినుండి ఏటేట తప్పనిసరి పాఠ్యభాష యగుచు 2015-16లో పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మన బిడ్డలకు లాభమే. అన్నము పెట్టిన నేల భాషను నేర్వకుండుట మర్యాద కాదు. అయితే ఇక తెలుగునకు బడిలో మిగిలిన చోటు చిన్నది. పెద్ద చోటు ఇంటిలోనే యున్నది. కనుక ఇంటినుండియే మొదలుపెట్టుదము.

2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు తమిళనాడున సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు, మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు. ఇందరము ఉంటిమి. మనమెరిగిన యిండ్లలో ఎన్నింట ఆ యింటివారి రాక కథ కాగితముమీద ఉన్నది? ప్రతి పాఠకుడును తన బంధువుల యిండ్లను లెక్కవేసి చూచుకొనవలెను.

సముద్రము దాటి పోయిన తెలుగువారి సంగతి చూడుడు. 1834 తరువాత మారిషసు దీవికిని, 1860 తరువాత నేటాలుకును, ఆ పిమ్మట ఫిజీకిని ఒప్పందపు కూలీలుగా వేలమంది ఓడలెక్కిరి. నేటాలునకు భారతీయ కూలీలను కొనిపోయిన తొలి ఓడ ట్రూరో 1860 అక్టోబరు 12వ తేదీన మద్రాసునుండియే బయలుదేరినది. ఓడ నెక్కిన ప్రతి కూలికిని ఒక కాగితము వ్రాసిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ లేదా గాయపు గుర్తు అందులో నుండును. ఆ కాగితమును వ్రాసినది వారిమీద ప్రేమతో కాదు, పారిపోయిన పట్టుకొనుటకే. అయినను నేడు వారి మునిమనుమలు ఆ కాగితములను చేతబట్టుకొని తమ యూళ్లను వెదకుకొనుచున్నారు.

మన పూర్వులు ఓడ నెక్కలేదు. బండి కట్టుకొనియో, కావడి భుజమున బెట్టుకొనియో, బిడ్డను చంకనెత్తుకొని కాలినడకనో వచ్చిరి. వారిని దారిలో నిలిపి పేరు వ్రాసికొన్న గుమాస్తా లేడు. కనుక మనకు అట్టి కాగితము లేదు. అవ్వ నోటి మాటయే మనకు దస్తావేజు. దానికి నకలు లేదు. ఆమె కన్నుమూసిన నాడు దస్తావేజు ఇంటిలోనుండి పోయినట్లే. మనలో తెలుగు చదువ వ్రాయ నేర్చిన తరము నేడు ముసలితనమున నున్నది. అడుగవలసినవారు ఉన్నప్పుడే అడుగవలెను.

ఈ పని పండితులది గాని పిల్లలది గాదని కొందరు అనవచ్చును. ముగ్గురి సంగతి చెప్పెదము.

కర్నల్ మెకంజీ దొర దక్షిణదేశపు చరిత్రలను సేకరించినాడని అందరును చెప్పుదురు. ఆయనకు చేతులును కన్నులును అయినవారు ఏలూరువారైన కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనువారు ఊరూర తిరిగి, కరణములను, పెద్దలను అడిగి, దండకవిలెలను చూచి, స్థానిక చరిత్రలను వ్రాసికొనిరి. బొర్రయ్య 1803లో ముప్పది యేండ్లు నిండకయే మరణించెను. ఆ లోపలనే పాత కన్నడ శాసనములను చదివి విప్పిచెప్పిన ఘనత ఆయనది. వారు సేకరించిన కైఫీయతులు నేటికిని చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున కలవు. మన పూర్వుల యూళ్ల సంగతులు వానిలో ఎన్నియో కలవు. యువకులు ఊళ్లకు పోయి అడిగినందువలననే అవి మనకు దక్కినవి.

రెండవవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగువారు. అచ్చటి సుప్రీంకోర్టులో ద్విభాషి. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరున తిరిగివచ్చు వరకు కాశీయాత్రలో తాను చూచినదానిని ఏనాటిదానినానాడు వ్రాసి పెట్టిరి. ఆ వ్రాత 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయినది. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరము, నీరు ఎట్టిది, ఏమి దొరకును, జనులు ఎట్లు మాటాడుదురు అనునవే అందులో నుండును. పాండిత్యము చూపవలెనని ఆయన వ్రాయలేదు. వ్యవహారమున నడచు తెలుగులో కన్నది కన్నట్లు వ్రాసిరి. తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువాడు చేసిన ఆ వ్రాతను నేడు చరిత్రకారులు సాక్ష్యముగ గైకొనుచున్నారు.

మూడవవారు మన కాలపువారే. కోవిల్పట్టి దాపున ఇడైసెవల్ గ్రామమున 1923లో తెలుగింట జన్మించిన కి. రాజనారాయణన్‌గారు. వ్యవసాయదారులు, పెద్ద చదువులు చదివినవారు కారు. తెలుగు సీమనుండి కరిసల్ నేలకు, అనగా తిరునల్వేలి వైపు నల్లరేగడి నేలకు, వలసవచ్చిన కుటుంబముల కథను పెద్దల నోట విన్నదానిని ఆధారముగ జేసికొని "గోపల్ల గ్రామం" అను నవలగా 1976లో వెలువరించిరి. దాని తరువాయి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆ ప్రాంతపు పలుకులకు నిఘంటువు కూర్చిరి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయము ఆయనను జానపద కథల సేకరణకై ఆచార్యునిగా పిలిచినది. 2021లో దివంగతులైరి. అయితే ఆయన వ్రాసినదంతయు తమిళములో. ఆయనను తప్పుపట్టుటకు కాదు ఈ మాట. ఏ భాషలో వ్రాయ నేర్చిరో ఆ భాషలోనే మనుజులు వ్రాయుదురు. మన రాక కథలలో మిక్కిలి పేరుపొందినది లోకమునకు తమిళమున అందినది. అందులకు సంతోషింతము. కాని రాబోవు కథలలో కొన్నియైనను తెలుగున ఉండవలెనన్న, నేటి పిల్లలు తెలుగు వ్రాయ నేర్వవలెను గదా!

ఇక ఈ పని ఎట్లు చేయవలెనో చెప్పెదము. మేము వర్తకులము, మాకు తెలిసిన లెక్కల భాషలోనే చెప్పెదము. అంగడిలో రెండు పుస్తకములుండును. ఏ రోజు జరిగినది ఆ రోజే, జరిగిన వరుసలోనే చిట్టాకెక్కును. పిదప దానిని సరిచూచి, ఏ పద్దు ఎవరి ఖాతాలోనిదో తేల్చి ఆవర్జాకెక్కింతురు. చిట్టా వ్రాయకయే ఆవర్జా వ్రాయువాడు మోసగాడు. చిట్టాను ఆవర్జా యనుకొనువాడు తెలివిలేనివాడు. రాక కథకు కూడ ఈ రెండు పుస్తకములు కావలెను.

మొదటిది చిట్టా. పిల్లవాడు అవ్వ కడ కూర్చుండి ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. పైన తేదీ, చెప్పినవారి పేరు, వయస్సు, వరుస వ్రాయవలెను. "మన చరిత్ర చెప్పుము" అని అడిగిన ఏ అవ్వయు చెప్పదు. "మాకేమి చరిత్ర నాయనా" అనును. అడుగవలసిన ప్రశ్నలు వేరు. మన ఇలవేల్పు ఎవరు, ఆ దేవుని గుడి ఎచ్చట? మ్రొక్కు చెల్లించుటకు నీ చిన్ననాట ఎచ్చటికి పోయితిరి? పెండ్లిలో మనము చేయునది, పొరుగువారు చేయనిది ఏమి? ఏ యింటిపేరువారికి పిల్లను ఇయ్యము? మొదట కాపురమున్న వీధి యేది, ఆ యిల్లు ఎవరిది? కరువులో ఏమి తింటిరి? ఎవరు అప్పు ఇచ్చిరి? ఈ విధముగ అడిగిన ఆమె పొద్దుపోవు వరకు చెప్పును.

ఆమె పలుకును దిద్దరాదు. ఈ సంపాదకీయము గ్రాంథికమున నడచుచున్నను, పిల్లలను గ్రాంథికము వ్రాయుమని మేము చెప్పము. అవ్వ పలుకులో తమిళపు మాట వచ్చిన తమిళపు మాటయే వ్రాయవలెను. కన్నడపు విరుపు వచ్చిన అదియే వ్రాయవలెను. ఆ మాటలే సాక్ష్యములు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము చూచిన, ఒకే పనిముట్టునకు సీమసీమకు వేరువేరు పేర్లుండుట తెలియును. కోస్తావారు నాగలి యన్నదానిని రాయలసీమవారు మడక యందురు. కోస్తావారి ఉల్లిపాయ రాయలసీమలో ఎర్రగడ్డ, తెలంగాణమున ఉల్లిగడ్డ. మీ అవ్వ మడక యనియు, ఎర్రగడ్డ యనియు అనుచున్నచో, మీవారి త్రోవ ఏ దిక్కునుండి వచ్చినదో ఊహించుటకు ఒక ఆధారము దొరికినట్లే. ఆమె మాటను దిద్ది "నాగలి" యని వ్రాసిన పిల్లవాడు తన చేతులారా సాక్ష్యమును చెరిపినవాడగును. అదే కోశమున చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. తెలంగాణమునుండి సోలాపురమునకు, భివండికి పోయిన పద్మశాలి కుటుంబముల పిల్లలకు అది మిక్కిలి ఉపయోగపడును.

రెండవది ఆవర్జా. ఇచ్చట పరిశోధన మొదలగును. వ్రాసికొన్న ప్రతి సంగతిని మూడు తెగలుగ విడదీయవలెను: కన్నది, విన్నది, అనుకొన్నది. అవ్వ తన కంట జూచినది మొదటి తెగ. ఆమె తన అవ్వ వలన విన్నది రెండవది. "అందుకే అయియుండును" అని ఆమె గాని మనము గాని చేర్చినది మూడవది. మూడింటిని ఒకే ఖాతాలో కలిపివేయుటవలననే చరిత్ర చెడుచున్నది.

ఆ పిమ్మట పరీక్ష. మొదటి పరీక్ష కూడికలు తీసివేతలే. "రాయలవారి కాలమున వచ్చితిమి, ఇప్పటికి ఏడు తరములు" అని చెప్పు కుటుంబములు మనలో పెక్కు కలవు. తరమునకు పాతిక ముప్పది యేండ్లు వేసికొన్న, ఏడు తరములు రెండువందల యేండ్లకు అటునిటు. శ్రీకృష్ణదేవరాయలు ఏలినది 1509 నుండి 1529 వరకు. విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును స్థాపించినదియు 1529 ప్రాంతముననే. అప్పటినుండి నేటికి ఐదువందల యేండ్లు. పదునేడు తరములైనను కావలెను. కనుక ఏడు తరములన్నది తప్పో, రాయలవారి కాలమన్నది తప్పో తేల్చుకొనవలెను. మీ పూర్వులు కుంఫిణీవారి కాలమున పత్తి వ్యాపారమునకు వచ్చి యుండవచ్చును; అందు చిన్నతనమేమియు లేదు. ప్రతివారి పూర్వులును దండనాయకులే యైనచో ఆ దండునకు బండ్లు తోలినవారు ఎవరు? గుఱ్ఱములకు గడ్డి కోసినవారు ఎవరు? వారికిని మనుమలుందురు గదా!

రెండవ పరీక్ష సంవత్సరముల పేర్లు. "ధాత కరువులో వచ్చితిమి" అని పెద్దలు చెప్పిన, అది 1876-77 నాటి ధాత సంవత్సరపు మహాక్షామము కావచ్చును. కాని అరువది యేండ్లకొకమారు అదే పేరు తిరిగివచ్చును. 1936-37 కూడ ధాతయే. అందుచేత ఆ కరువులో జరిగిన మరియొక సంగతిని కూడ అడిగి ఏ ధాతయో నిర్ణయింపవలెను.

మూడవ పరీక్ష ఇంటిపేరు. మన యింటిపేర్లలో పెక్కు ఊరిపేర్లే. తిరువారూరున 1767లో జన్మించి తిరువయ్యారున 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామివారి యింటిపేరు కాకర్ల. ఆ పేరుగల గ్రామము నేటికిని కలదు. మన పిల్లలు కూడ తమ యింటిపేరుగల యూరు ఎచ్చటనున్నదో పటములో వెదకవచ్చును. అయితే ఒకే పేరుగల యూళ్లు నాలుగైదుండును. పేరు కలిసినంత మాత్రమున మన యూరు దొరికినదని సంతోషింపరాదు. ఇలవేల్పు, పలుకు, బంధుత్వము కూడ అచ్చటికే దారి చూపిన అప్పుడు నమ్మవచ్చును.

నాలుగవ పరీక్ష కాగితములు, రాళ్లు. క్రయపత్రములు, పట్టాలు, పాత శుభలేఖలు, గుడిలో దాతల పేర్లు చెక్కిన రాళ్లు, సత్రముల ధర్మశాసనములు వెదకవలెను. యానాముననైన ఫ్రెంచివారు ఉంచిన జనన వివాహ మరణముల రిజిస్టర్లు కలవు. వర్తకుల యిండ్లలో అటకమీద పాత లెక్కల పుస్తకములుండును. వానిని తూకమునకు వేయకముందు ఒకమారు విప్పి చూడుడు. తెలుగు అంకెలు మన పిల్లలు చదువలేరు; పది అంకెలు నేర్చుటకు ఒక్క సాయంకాలము చాలును. 1957 ఏప్రిలు 1 వరకు రూపాయికి పదునారు అణాలనియు, వీశె యన్న నూటయిరువది తులములనియు చెప్పిన, ఆ లెక్కలు తామే మాటాడును. మీ ముత్తాత ఎవరికి సరకు అమ్మెనో, ఏ యూరినుండి తెప్పించెనో, ఏ పండుగకు ఎంత ఖర్చు వ్రాసెనో తెలియును.

పరీక్షకు నిలువని కథలు కూడ కొన్ని యుండును. "మా పిల్లను నవాబు అడుగగా రాత్రికి రాత్రి బయలుదేరితిమి, నది అడ్డము రాగా ఇరుగట్ల చెట్లు వంగి మాకు వంతెన యైనవి" అను కథను మనలో పెక్కురు వినియున్నారు. తొట్టియర్లు అనబడు కంబళత్తు నాయకులు చెప్పుకొను ఇట్టి కథ మెకంజీ వ్రాతప్రతులలోను, 1909లో థర్‌స్టన్ దొర రంగాచారిగారి తోడ్పాటుతో వెలువరించిన ఏడు సంపుటములలోను కలదు. పిల్లను అడిగిన నవాబు కథ వేరు కులములవారి యిండ్లలోను వినవచ్చును. చెట్లు వంగినవా యని పిల్లవాడు అవ్వతో వాదింపనక్కరలేదు. ఆ కథను కథగానే వ్రాసికొనవలెను. ప్రాణభయముతో నది దాటిన వారి జ్ఞాపకము అందులో నుండవచ్చును. ఇంటి యాడపిల్ల మానమును ఆస్తికంటె పెద్దగ నెంచిరను గర్వము నుండవచ్చును. కాని దానినిబట్టి సంవత్సరము నిర్ణయింపరాదు. దానిని పట్టుకొని నేటి పొరుగువానిమీద ద్వేషము పెంచరాదు. "ఇది మా యింట చెప్పుకొను కథ; ఇతరుల యిండ్లలోను కలదు" అని వ్రాసిన, ఆ పిల్లవాడు పరిశోధకుడైనట్లే.

మరియొక ముఖ్య విషయము. తెలుగుదేశమునకు వెలుపలనున్న తెలుగువారందరును వలసవచ్చినవారు కారు. కొందరు ఉన్నచోటనే యున్నారు, హద్దులు కదలినవి. 1894లో బ్రహ్మపురమున తెలుగింట జన్మించి 1969లో రాష్ట్రపతియైన వి. వి. గిరిగారు పుట్టిననాడు ఆ యూరు మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా అందు చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించిననాడు బళ్లారి మైసూరునకు పోయినది. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తమిళుల రాష్ట్రమున చేరినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, 1962లో చట్టరీత్యా భారతదేశములోనిదైనది. ఈ యూళ్ల పిల్లలు "మేము ఎచ్చటినుండి వచ్చితిమి" అని గాక, "మా యూరి బోర్డుమీది అక్షరములు ఎప్పుడు మారినవి, ఆనాడు తాత ఏమనుకొనెను" అని అడిగి వ్రాయవలెను. బొంబాయి కామాఠిపురము వారి కథ వేరు. నైజాము సీమనుండి వెళ్లిన కామాఠీ కూలీల పేరే ఆ పేటకు నిలిచినది. ఏ యూరివారి ప్రశ్న ఆ యూరివారిదే.

ఇక మన పెద్దలలో కొందరికి గల సంకోచమును దాచిపెట్టి లాభము లేదు. "వలసవచ్చితిమని మనమే చాటుకొన్న, మనలను పరాయివారందురేమో" అని వారి భయము. ఎన్నికల వేళలయందు అట్టి మాట వినవచ్చిన సందర్భములు లేకపోలేదు. భయము నిరాధారమని చెప్పము. కాని మనము వ్రాయకున్న ఆ మాట ఆగునా? ఆగదు. మన కథను మన గిట్టనివారు తమకు తోచినట్లు చెప్పుదురు. మనము వ్రాసిన, రాక మాత్రమే గాదు, వచ్చిన పిమ్మట చేసినదియు వ్రాయుదుము. ఏ నల్లరేగడిని దున్నితిమో, ఏ బావి త్రవ్వితిమో, ఏ మగ్గము నేసితిమో వ్రాయుదుము. వచ్చిననాడు చోటిచ్చిన పొరుగువారి మేలును వ్రాయుదుము. ఏ పండుగ వారినుండి నేర్చితిమో, ఏ పాట వారికి నేర్పితిమో వ్రాయుదుము. అట్టి కథను చదివినవాడు మనలను పరాయివారనలేడు. కరువు వచ్చిన కదలుట, నీడ దొరికిన నిలుచుట మనుష్యజాతికంతకు సహజము.

"ఇందువలన మార్కులు వచ్చునా?" అను తలిదండ్రులకు ఒక్క మాట. అడుగుట, ఉన్నదున్నట్లు వ్రాసికొనుట, రెండు సాక్ష్యములను పోల్చుట, తెలిసినదానిని వరుసగ చెప్పుట - ఇవి వకీలునకు కావలెను, వైద్యునకు కావలెను, అంగడి నడపువానికిని కావలెను. ఇంటి కథమీద ఈ విద్యను అభ్యసించిన పిల్లవాడు ఏ కళాశాలకు పోయినను వెనుకబడడు. "మా వానికి అక్షరములే రావు" అనువారికి మరియొక మాట. చిట్టా ఏ లిపిలో వ్రాసినను సరే. తమిళ లిపిలోనైనను, కన్నడ లిపిలోనైనను, ఆంగ్లాక్షరములతోనైనను అవ్వ పలుకు పోకుండ పట్టవలెను. ఆవర్జా మాత్రము తెలుగు లిపిలోనే యుండవలెను. అవ్వ పేరును, తన యూరి పేరును, తన యింటిపేరును వ్రాయుటకై నేర్చిన అక్షరములు వాచకములో చూచి దిద్దిన అక్షరములకంటె గట్టిగ నిలుచును.

కనుక మా సూచన యిది. వచ్చే వారమునుండి మన పత్రికలో "మా యింటి రాక" అను శీర్షికకు చోటు కేటాయించుచున్నాము. పదునెనిమిది యేండ్ల లోపు బాలబాలికలు ఎవరైనను పంపవచ్చును. వ్రాత అర ఠావు కాగితమునకు మించరాదు. ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో పైన వ్రాయవలెను. కన్నది, విన్నది, అనుకొన్నది వేరువేరుగ నుండవలెను. చెప్పిన పెద్దల సమ్మతి లేనిదే పంపరాదు. ఇంటి తగవులు, అప్పులు, పరులకు నొప్పి కలిగించు సంగతులు ఇంటి పుస్తకమున నుండవచ్చును గాని పత్రికకు రానక్కరలేదు. అసలు కాగితములను పంపవలదు, నకలు చాలును. అక్షరదోషములకై ఏ వ్రాతను త్రోసివేయము. అక్షరములను మేము దిద్దుదుము. అవ్వ మాటలను దిద్దము.

సంఘపు శాఖలవారు ఆదివారపు తెలుగు తరగతిలో ఒక గంటను ఈ పనికి విడువవలెను. తెలుగు వ్రాయ నేర్చిన పెద్దలు ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొనవలెను. వర్తక సోదరులు తలకొక నోటుపుస్తకమునకైన ఖర్చును భరింపవలెను. అది పెద్ద మొత్తము కాదు. శాఖలో చేరిన వ్రాతలను ఒక్క చోట చేర్చి కుట్టించిన, ఏ విశ్వవిద్యాలయమునను దొరకని గ్రంథము మన సంఘపు బీరువాలో నుండును.

మన తాతలు మనకు పొలములిచ్చిరి, అంగళ్లిచ్చిరి, గుళ్లు సత్రములిచ్చిరి. వానికి పత్రములు వ్రాయించి భద్రపరచుకొంటిమి. వారు నడచివచ్చిన త్రోవకు మాత్రము పత్రము వ్రాయించుకొనలేదు. ఆ పత్రమునకు సాక్షులు ఇంకను కొందరు బ్రతికియున్నారు. వ్రాయవలసిన చేతులు మన యింటనే యున్నవి. ఈ రాత్రి భోజనములైన పిమ్మట టెలివిజను కట్టిపెట్టి, పిల్లవాని చేతికొక నోటుపుస్తకమిచ్చి అవ్వ మంచము కడకు పంపుడు. మొదటి ప్రశ్న "మన ఇలవేల్పు ఎవరవ్వా?" యని కావలెను. తక్కినది ఆమె చెప్పును.